మాక్రో లెన్సుకు అంత ధర ఎందుకు? అంత పెట్టక తప్పదా?

నీటితూనీగ:
సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర ఏపీఎస్-సీ అనే మధ్యరకం పరిమాణపు సెన్సారు ఉన్న కెమెరా, దానితో పాటు వచ్చిన 18-55 జూమ్, ఆ తరువాత కొన్న 55-250 జూమ్ ఉన్నాయి. ఇన్నాళ్లూ పక్షులనూ పూలనూ తీస్తూ వచ్చాను. ఇప్పుడు మనసు పురుగుల మీదికి మళ్లింది. తూనీగ రెక్కలోని ఈనెలు, పుప్పొడి అంటిన తేనెటీగ కాళ్లు, వీలైతే గెంతే సాలీడు కళ్లు స్పష్టంగా తీయాలని ఉంది. తీరా ఇలా బాగా దగ్గరి నుంచి తీయడానికి చేసిన మాక్రో లెన్సుల ధరలు చూస్తే కొన్ని నా కెమెరా ధరతో పోటీ పడుతున్నాయి, మరికొన్ని దాన్ని దాటిపోతున్నాయి. ఆ గాజు ముక్కల్లో అంత ఖర్చు పెట్టించే విశేషం ఏమిటో, అది లేకుండా నాలాంటివారికి పని జరిగే దారి ఏదైనా ఉందో, అనుభవమున్న వారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

కొలబద్ద:
ధర సంగతికి ముందు మీకు ఎంత పెద్ద బొమ్మ కావాలో తేల్చుకోండి. ఖర్చును నిర్ణయించేది ఆ లెక్కే. 1:1 అంటే వస్తువు ఎంత ఉందో సెన్సారు మీద దాని ప్రతిబింబం కూడా అంతే ఉండటం. పాత 35 మి.మీ. ఫిల్ము ఫ్రేమంత ఉండే ఫుల్‌ఫ్రేమ్ సెన్సారు వెడల్పు 36 మి.మీ. కనుక 1:1 దగ్గర 36 మి.మీ. వెడల్పున్న దృశ్యం ఫ్రేమును నింపుతుంది. మీ సెన్సారు మీద దాదాపు 23 మి.మీ. దృశ్యమే ఫ్రేమును నింపేస్తుంది. ఇంకా చిన్నదైన ఫోర్ థర్డ్స్ సెన్సారుకైతే 17.3 మి.మీ. చాలు. అంటే ఒకే 1:1 లెన్సుతో చిన్న సెన్సారు వారికి పురుగు మరింత నిండుగా కనబడుతుంది. ఈ పనిలో పెద్ద సెన్సారుకు మారడం వల్ల లాభం కన్నా ఖర్చే ఎక్కువని నా అభిప్రాయం.

మీరు చెప్పిన వాటిలో తూనీగ రెక్క మొత్తం కావాలంటే 1:2, అంటే అసలు పరిమాణంలో సగం, సరిపోతుంది, తేనెటీగ నిలువెల్లా ఫ్రేములో నిండాలంటే 1:1 కావాలి. సాలీడు కళ్ల దగ్గరికి వచ్చేసరికి రెండు మూడు రెట్లు పెద్దది చేయవలసి వస్తుంది. చాలా మాక్రో లెన్సులు 1:1 దగ్గరే ఆగిపోతాయి గనుక ఎంత ఖరీదైనది కొన్నా ఆ మూడో కోరిక తీరకపోవచ్చు.

గాజుమడత:
ధర ఎందుకన్న ప్రశ్నకు నాకు తెలిసినంతలో చెబుతాను. మామూలు లెన్సును దూరంలో ఉన్న వస్తువుల కోసం సరిదిద్ది తయారు చేస్తారు. దాన్నే పురుగుకు జానెడు దూరంలోకి తెస్తే కిరణాలు వచ్చే కోణం మారిపోయి, నడిమి భాగం మెత్తబడుతుంది, అంచులు ఒకే తలంలో ఫోకస్ కావు, మెరుపుల చుట్టూ ఊదా, ఆకుపచ్చ అంచులు కనబడతాయి. మాక్రో లెన్సు దూరంలోనూ దగ్గరలోనూ ఒకే తీరుగా పనిచేయాలి. అందుకోసం ఫోకస్ మారుతున్నప్పుడు లోపలి గాజు సమూహాలు ఒకదానికొకటి వేర్వేరు వేగాలతో కదిలేలా అమరుస్తారు. ఆ కదలికలో కొద్దిపాటి వంకర వచ్చినా బొమ్మ పాడవుతుంది కాబట్టి యంత్రపు పని చాలా నిక్కచ్చిగా ఉండాలి.

ఇంకొక సంగతి ఉంది. లెన్సు మొత్తాన్ని ముందుకు జరిపి 1:1 సాధించాలంటే దాని ఫోకల్ లెంగ్త్ (లెన్సు పేరులో మి.మీ.లలో ఉండే సంఖ్య) ఎంతో అంత దూరం జరపాలి, అంటే 100 మి.మీ. లెన్సుకు మరో 100 మి.మీ. గొట్టం కావాలి. పాత తరం లెన్సులు చాలావరకు 1:2 దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే. నికాన్ 55 మి.మీ. ఎఫ్/2.8 మైక్రో నిక్కోర్ తనంతట తాను 1:2 వరకే వెళుతుంది. 1:1 కావాలంటే పీకే-13 అనే రింగు తగిలించాలి. ఆ రింగు మందం సరిగ్గా 27.5 మి.మీ., అంటే 55లో సగం. ఇప్పటి లెన్సులు పొడవు పెరగకుండా లోపలే ఫోకస్ చేసుకుంటాయి. 100 మి.మీ. అని రాసి ఉన్న లెన్సు 1:1 దగ్గరికి వచ్చేసరికి 75 మి.మీ. లెన్సులా ప్రవర్తించడం అందువల్లే. ఈ సౌకర్యానికీ, మోటారుకూ, చేతి వణుకును సరిచేసే ఏర్పాటుకూ కలిపి మనం ధర చెల్లిస్తున్నాం.

ముక్కుసూటి:
గాజుమడత గారు చెప్పినదంతా నిజమే గానీ, దాన్నిబట్టి మాక్రో లెన్సులు అన్యాయమైన ధరకు అమ్ముతున్నారని అనుకోనక్కర్లేదు. పక్షుల కోసం వాడే పెద్ద టెలిఫోటోలతో పోలిస్తే ఇవి చవకైనవే, పైగా మనుషుల ముఖచిత్రాలకూ పనికొస్తాయి. నా వాదన వేరే. అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం; ఎఫ్ సంఖ్య పెరిగే కొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్/8 దగ్గర, 1:1లో, ఫ్లాష్ వెలుతురులో తీసిన బొమ్మను చూసి అది ఏ కంపెనీ మాక్రో లెన్సుతో తీసినదో చెప్పగలిగిన వారిని నేను ఇంతవరకు చూడలేదు. టామ్రాన్ 90, టోకినా 100, సిగ్మా 105, కెమెరా కంపెనీల సొంత లెన్సులు, అన్నీ ఈ విషయంలో బాగానే ఉంటాయి. కాబట్టి స్పష్టత కోసమని ఎక్కువ ధర పెట్టవద్దు. పెట్టదలిస్తే దూరం కోసం పెట్టండి.

దూరం అంటే లెన్సు ముందు అంచుకూ పురుగుకూ మధ్య మిగిలే జాగా. 60 మి.మీ. లెన్సుతో 1:1కు వెళితే సుమారు 9 సెం.మీ. మిగులుతుంది, 100 మి.మీ. తరగతిలో 13 నుంచి 15 సెం.మీ., 180 మి.మీ. తరగతిలో 24 సెం.మీ. దాకా వస్తుంది. తూనీగ, సీతాకోకచిలుక లాంటి బెదురుగొడ్లకు ఈ తేడాయే బొమ్మ దొరకడానికీ దొరకకపోవడానికీ కారణమవుతుంది. ఎండలో మన నీడ పురుగు మీద పడకుండా ఉండటానికి కూడా ఆ జాగా అవసరం. మీ ఏపీఎస్-సీ కెమెరాకు 90 నుంచి 105 మధ్యలోది ఏదైనా సరిపోతుంది.

నీటితూనీగ:
ముగ్గురికీ కృతజ్ఞతలు. వణుకును సరిచేసే ఏర్పాటు ఉన్నదానికీ లేనిదానికీ మధ్య ధరలో చాలా తేడా కనిపిస్తోంది. అది తప్పనిసరా? మరొక సందేహం: కెమెరాకూ లెన్సుకూ మధ్య బిగించే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు కొని నా దగ్గరున్న జూములకే తగిలిస్తే సరిపోదా? వాటిలో గాజు కూడా ఉండదట కదా, నాణ్యత చెడే ప్రసక్తే ఉండదని ఎక్కడో చదివాను.

కొలబద్ద:
ట్యూబులో గాజు లేదన్నది నిజం, కానీ నాణ్యత చెడదన్నది పూర్తిగా నిజం కాదు. పైన గాజుమడత గారు చెప్పినట్టు, దూరానికి సరిదిద్దిన లెన్సును దగ్గరలో బలవంతంగా పని చేయిస్తున్నాం కాబట్టి దాని లోపాలన్నీ బయటపడతాయి. అపర్చర్‌ను ఎఫ్/8 లేదా ఎఫ్/11కు మూస్తే చాలావరకు సర్దుకుంటుంది.

లెక్క తేలికే. ట్యూబు పొడవును ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే అదనంగా ఎన్ని రెట్లు వస్తుందో తెలుస్తుంది. మామూలుగా దొరికే మూడు ట్యూబుల జత 12, 20, 36 కలిపి 68 మి.మీ.; దాన్ని 50 మి.మీ. లెన్సుకు తగిలిస్తే 1.36 రెట్లు వస్తుంది. అదే జతను మీ 250 మి.మీ. దగ్గర వాడితే 0.27 మాత్రమే కలుస్తుంది. ఇక 18 మి.మీ. దగ్గర వాడితే ఫోకస్ అయ్యే చోటు లెన్సు లోపలికే వచ్చేస్తుంది, ఏమీ తీయలేరు. అంటే ట్యూబులు పొట్టి లెన్సులకు మంచివి, పొడుగు లెన్సులకు దండగ.

పొడుగు లెన్సులకు ముందువైపు బిగించే క్లోజప్ లెన్సు సరైనది. దాని శక్తిని డయాప్టర్లలో చెబుతారు. 1000ని ఆ సంఖ్యతో భాగిస్తే ఫోకస్ అయ్యే దూరం మి.మీ.లలో వస్తుంది. రేనాక్స్ కంపెనీ క్లోజప్ లెన్సు డీసీఆర్-250 శక్తి 8 డయాప్టర్లు, అంటే 125 మి.మీ. మీ జూమ్‌ను 250 దగ్గర పెట్టి అనంతానికి (అతి దూరానికి) ఫోకస్ చేస్తే 250ని 125తో భాగించగా 2 రెట్లు వస్తుంది. డీసీఆర్-150 శక్తి 4.8 డయాప్టర్లు; దానితో 1.2 రెట్లు, పురుగుకు సుమారు 20 సెం.మీ. దూరం. ఈ రెండూ ఒక్క గాజు పలకతో చేసిన చవక ఫిల్టర్లు కావు. రంగుల అంచులు రాకుండా ఒకటికి మించిన గాజులు కలిపి చేసినవి. ఒంటి గాజు ఫిల్టర్ల జతలు ఎంత చవకగా దొరికినా వాటి జోలికి వెళ్లవద్దు. పొడుగు జూమ్ ఇప్పటికే ఉన్నవారికి ఇంతకన్నా తక్కువ ఖర్చులో 2 రెట్లు సాధించే మంచి దారి నాకు తెలియదు.

వెలుగుచాటు:
ఇంతసేపూ లెన్సుల గురించే మాట్లాడుకుంటున్నాం, ఖర్చులో రెండో సగం గురించి ఎవరూ ఎత్తలేదు. మాక్రోలో ఫ్లాష్ లేకుండా లెన్సు మాత్రం కొనడమంటే ఉలి కొని సుత్తి కొనకపోవడమే.

కారణం చూడండి. ఫోకస్ దగ్గరికి వచ్చే కొద్దీ లెన్సు చీకటిదవుతుంది. మీరు ఎఫ్/8 అని పెట్టినా 1:1 దగ్గర అది ఎఫ్/16లా పనిచేస్తుంది, 2 రెట్ల దగ్గర ఎఫ్/24లా. పెట్టిన సంఖ్యను రెట్లకు ఒకటి కలిపి గుణిస్తే ఈ లెక్క వస్తుంది. పోనీ అపర్చర్ తెరుద్దామంటే ఫోకస్ లోతు (స్పష్టంగా కనబడే భాగపు మందం) మిగలదు. ఫుల్‌ఫ్రేమ్ లెక్కల్లో 1:1, ఎఫ్/8 దగ్గర ఆ లోతు దాదాపు 1 మి.మీ. మాత్రమే, 2 రెట్ల దగ్గర మిల్లీమీటరులో మూడో వంతు. మూద్దామంటే వెలుతురు చాలకపోగా వివర్తనం (సన్నని రంధ్రం దాటే వెలుతురు చెదరడం) వల్ల బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. ఇన్ని ఇరుకుల మధ్య, గాలికి ఊగే ఆకు మీద, వణికే చేతులతో సహజమైన వెలుతురులో తీయడం పొద్దున్నే చలికి కదలని పురుగుల విషయంలో తప్ప సాగదు.

ఫ్లాష్‌ను తక్కువ శక్తిలో పెడితే మెరుపు సెకనులో పదివేలవ వంతు ప్రాంతంలో ముగిసిపోతుంది. ఆ కొద్ది సమయంలో పురుగు కదలదు, మన చెయ్యీ కదలదు. అందుకే వణుకును సరిచేసే ఏర్పాటు గురించి మీరు అడిగిన ప్రశ్నకు నా జవాబు: ఫ్లాష్ వాడేవారికి అది తప్పనిసరి కాదు. కేనన్ 2009లో ఈఎఫ్ 100 మి.మీ. ఎల్ మాక్రోలో తెచ్చిన ఏర్పాటు అడ్డంగా జరిగే వణుకును కూడా పట్టుకోగలదు, అది మెచ్చుకోదగినదే. అయినా దూరపు వస్తువులకు నాలుగు స్టాపుల (ఒక్కో స్టాపుకు షట్టరును రెట్టింపు సేపు తెరిచి ఉంచవచ్చు) సాయం చేసేది 1:1 దగ్గరికి వచ్చేసరికి రెండు స్టాపులకు తగ్గుతుందని కేనన్ వారే ప్రకటించారు. వ్యూఫైండరులో బొమ్మ నిలకడగా కనబడుతుందన్న సుఖం మాత్రం ఉంటుంది.

కెమెరా కంపెనీలు అమ్మే జంట ఫ్లాష్ మాక్రో లెన్సు ధరకు దగ్గరలో ఉంటుంది. అది అక్కర్లేదు. చేతితో శక్తి మార్చుకోగలిగే మామూలు ఫ్లాష్ ఒకటి కొని, దాని ముందు వెలుతురును మెత్తబరిచే వెడల్పాటి తెల్లని డిఫ్యూజర్ అమర్చితే చాలు. పురుగుల ఒంటి మీద గాజులాంటి మెరుపు ఉంటుంది, చిన్న ఫ్లాష్ నేరుగా పడితే అక్కడ తెల్లటి మచ్చలు తేలతాయి. డిఫ్యూజర్ పురుగుకు ఎంత దగ్గరగా, ఎంత వెడల్పుగా ఉంటే ఆ మచ్చలు అంత పలచబడతాయి. వెలుతురును మసకగా పోనిచ్చే తెల్లని ప్లాస్టిక్కుతో, నురుగు షీటుతో చాలామంది స్వయంగా చేసుకుంటారు, అవి కొన్నవాటికి ఏమాత్రం తీసిపోవు. లెన్సు చుట్టూ వలయంలా ఉండే రింగు ఫ్లాష్ నాకు నచ్చదు. వెలుతురు అన్ని వైపుల నుంచి సమంగా వచ్చి పురుగు ఒంటి గుండ్రదనం చప్పబడుతుంది, కళ్లలో వలయం కనబడుతుంది.

పాతసరుకు:
మిర్రర్‌లెస్ కెమెరాలున్న వారికి మరో చవక దారి ఉంది. పాత ఫిల్మ్ కెమెరాల మాన్యువల్ మాక్రో లెన్సులను వాటికి ఉత్త గొట్టం లాంటి అడాప్టర్‌తో తగిలించవచ్చు. నికాన్ ఎఫ్ మౌంటు (లెన్సు బిగించే చోటు) నుంచి ఫిల్ముకు దూరం 46.5 మి.మీ., సోనీ ఈ మౌంటుకు 18, కేనన్ ఆర్ఎఫ్‌కు 20, నికాన్ జెడ్‌కు 16. మిగిలిన జాగాలో అడాప్టర్ పట్టేస్తుంది, మధ్యలో గాజు అక్కర్లేదు. పైన ప్రస్తావించిన 55 మి.మీ. మైక్రో నిక్కోర్, టామ్రాన్ 90 మి.మీ. ఎఫ్/2.5 లాంటివి వాడినవిగా కొత్త లెన్సు ధరలో చిన్న భాగానికే దొరుకుతాయి. ఆటోఫోకస్ ఉండదు. 1:1 దగ్గర ఎవరూ దానిని నమ్ముకోరు, శరీరాన్ని ముందుకూ వెనక్కూ ఊపుతూ కన్ను స్పష్టమైన క్షణంలో మీట నొక్కుతారు కనుక అది పెద్ద నష్టం కాదు.

వాడిన లెన్సు కొనేటప్పుడు అపర్చర్‌ను పూర్తిగా తెరిచి, వెనుక నుంచి టార్చి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడులాంటి దారాలు కనబడితే ఫంగస్. పాలపొరలా ఉంటే గాజుల మీద పట్టిన మసక. కొద్దిపాటి దుమ్ము వల్ల బొమ్మకు నష్టం లేదు, అమ్మేవారితో బేరమాడటానికి మాత్రం పనికొస్తుంది. అపర్చర్ రేకుల మీద నూనె ఉందేమో చూడండి, ఉంటే అవి ఆలస్యంగా మూసుకుంటాయి. ఫోకస్ వలయాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి ఎక్కడా పట్టేయడం లేదని నిర్ధారించుకోండి. మాక్రో లెన్సుల్లో ఆ మర పొడుగ్గా ఉంటుంది, అందులోని జిడ్డు ఎండిపోవడం సాధారణం.

గాజుమడత:
పాత లెన్సుల విషయంలో నాకొక అభ్యంతరం ఉంది. అడాప్టర్ మీద అపర్చర్‌ను కెమెరా నడపలేదు గనుక ఎఫ్/11 పెడితే వ్యూఫైండరులోకి కూడా ఎఫ్/11 వెలుతురే వస్తుంది. మిర్రర్‌లెస్ తెర దాన్ని ప్రకాశవంతం చేసి చూపిస్తుంది గానీ, సాయంత్రం పొదల్లో ఆ తెర గింజలు గింజలుగా మారి ఫోకస్ ఎక్కడుందో తెలియదు. పురుగుల కోసం తిరిగేవారు ఈ కష్టాన్ని కూడా ధరలో కలుపుకోవాలి. నాణేలు, నాచు, పూల కేసరాలు తీసేవారికి మాత్రం పాతసరుకు గారి సలహా అక్షరాలా పాటించదగినది.

పాతసరుకు:
చిన్న ఎల్ఈడీ దీపం ఒకటి కెమెరాకు తగిలిస్తే ఆ కష్టం తీరుతుంది. అయినా రివర్స్ రింగు వాడేవారికి ఉన్నంత బాధ దీనిలో లేదు. 28 మి.మీ. పాత లెన్సును తిరగేసి బిగిస్తే 2 రెట్లు దాటుతుంది, రింగు ధర లెక్కలోకి వచ్చేది కాదు. కానీ పురుగుకూ లెన్సుకూ మధ్య కొన్ని సెంటీమీటర్లే మిగులుతుంది, అపర్చర్ వలయం లేని ఇప్పటి లెన్సులను తిరగేస్తే అపర్చర్‌ను మార్చే ఉపాయమే కరువవుతుంది. మాక్రో తనకు నచ్చుతుందో లేదో చూసుకోవడానికి అంతకన్నా చవక ప్రయోగం లేదు.

నిదానం:
నేను ఎక్కువగా కదలని వాటిని, అంటే చనిపోయిన పురుగులనూ గింజలనూ ఖనిజాలనూ తీస్తాను. నా దారిలో లెన్సు ఖర్చు తక్కువ, మిగతా ఖర్చు ఎక్కువ. సూక్ష్మదర్శినిలో వాడే 4 రెట్ల, 10 రెట్ల ఆబ్జెక్టివులు (వస్తువు వైపు ఉండే లెన్సులు) మాక్రో లెన్సుల కన్నా చాలా తక్కువకు దొరుకుతాయి. అనంతానికి సరిదిద్దిన నికాన్ ఆబ్జెక్టివును 200 మి.మీ. టెలిఫోటో ముందు బిగిస్తే దాని మీద రాసిన రెట్లు అలాగే వస్తాయి. నీటితూనీగ గారి జూమ్ కూడా 200 దగ్గర పెడితే పనికొస్తుంది. అయితే 10 రెట్ల, 0.25 ఎన్ఏ (ఎంత వెడల్పు కోణంలో వెలుతురును పట్టగలదో చెప్పే సంఖ్య) ఆబ్జెక్టివుకు ఫోకస్ లోతు సుమారు 9 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వందో వంతు కూడా కాదు. ఒక్క బొమ్మ కోసం వందకు పైగా ఫోటోలు, ఒక్కొక్కటి కొద్ది మైక్రాన్లు జరుపుతూ తీసి, వాటిని హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ లాంటి సాఫ్ట్‌వేరుతో కలపాలి. చేతితో అంత సన్నగా జరపడం సాధ్యం కాదు, కెమెరాను జరిపే మోటారు ఉన్న రైలు (పట్టా లాంటి సాధనం) కావాలి. ఆ రైలు ఆబ్జెక్టివు కన్నా ఖరీదు.

3 నుంచి 5 రెట్ల మధ్య చేతితో పట్టుకొని తీయదలచినవారికి కేనన్ ఎంపీ-ఈ 65 పేరు వినబడుతూ ఉంటుంది. 1999లో వచ్చిన ఆ లెన్సు 1 నుంచి 5 రెట్ల వరకే పనిచేస్తుంది. అనంతానికి ఫోకస్ కాదు, ఆటోఫోకస్ లేదు, మరే పనికీ ఉపయోగపడదు. లావోవా కంపెనీ 25 మి.మీ. లెన్సు 2.5 నుంచి 5 రెట్ల వరకు వెళుతుంది, దాని ధర తక్కువ, అపర్చర్ మాత్రం చేతితోనే మూయాలి. అదే కంపెనీ 100 మి.మీ. లెన్సు అనంతం నుంచి 2 రెట్ల వరకు వెళుతుంది. 1:1 దాటాలనుకునేవారికి మొదటి మాక్రో లెన్సుగా నేను దాన్నే చెబుతాను.

ముక్కుసూటి:
నిదానం గారి పని చూసి ముచ్చటపడేవాళ్లలో నేనొకణ్ణి, కానీ కొత్తవారిని ఆ దారిలోకి ఇప్పుడే దింపకండి. ఆబ్జెక్టివు, రైలు, సాఫ్ట్‌వేరు, బలమైన బల్ల, రెండు దీపాలు అంటూ మొదలైతే అది ఆగదు. ప్రాణమున్న సాలీడు వంద ఫోటోల వరకు ఓపిక పట్టదు కూడా.

నీటితూనీగ:
అందరి మాటలూ చదివాక ఒక నిర్ణయానికి వచ్చాను. మాక్రో లెన్సు ప్రస్తుతానికి కొనడం లేదు. 55-250కి రేనాక్స్ 250 తగిలించి, మాన్యువల్ ఫ్లాష్ ఒకటి కొని, డిఫ్యూజర్ నేనే చేసుకుంటాను. తూనీగలకు దూరం చాలకపోతే తరువాత 150 కూడా తీసుకుంటాను. రెండు సందేహాలు మిగిలాయి: రేనాక్స్‌ను లెన్సుకు బిగించే క్లిప్పు నా జూమ్ మీద పడుతుందా, జూమ్‌ను ఏ ఫోకల్ లెంగ్త్ దగ్గరైనా వాడవచ్చా?

కొలబద్ద:
ఆ క్లిప్పు 52 నుంచి 67 మి.మీ. వరకు ఫిల్టరు మరలున్న లెన్సులకు పడుతుంది. మీ లెన్సు ముందు అంచు మీద ఒక చిన్న వృత్తం, దానికి అడ్డంగా గీత ఉన్న గుర్తు పక్కన ఈ సంఖ్య ఉంటుంది, చూసుకోండి. రేనాక్స్ గాజు చిన్నది కాబట్టి 55 దగ్గర ఫ్రేము మూలలు నల్లబడతాయి; జూమ్ పెంచుతూ పోతే ఆ నలుపు తగ్గుతుంది, ఎక్కడ పూర్తిగా పోతుందో మీ లెన్సు మీద తెల్ల కాగితాన్ని తీసి చూస్తే తెలిసిపోతుంది. 125 దగ్గర 1 రెట్టు, 250 దగ్గర 2 రెట్లు వస్తాయి. పురుగుకు దూరం మాత్రం జూమ్ ఎక్కడున్నా 12 సెం.మీ. దరిదాపుల్లోనే ఉంటుంది. ఆటోఫోకస్ ఆపేసి, ఫోకస్‌ను అనంతం దగ్గర వదిలేసి, కెమెరానే ముందుకూ వెనక్కూ జరుపుతూ తీయండి.

వెలుగుచాటు:
డిఫ్యూజర్‌ను ఆ 12 సెం.మీ. కొలతకే చేసుకోండి. దాని కింది అంచు లెన్సు చివరను దాటి ముందుకు వచ్చి, పురుగు ఉండే చోటికి పైన వాలి ఉండాలి. మొదట ఎఫ్/11, సెకనులో 200వ వంతు షట్టరు, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే తీవ్రత) 200, ఫ్లాష్ 16వ వంతు శక్తి పెట్టి ఇంట్లో ఏదైనా ఆకు మీద ప్రయత్నించి, బొమ్మ చీకటిగా ఉంటే ఫ్లాష్ శక్తి కన్నా ముందు ఐఎస్ఓను 400కు పెంచండి. అప్పుడు మెరుపు వ్యవధి పెరగదు, ఫ్లాష్ కూడా త్వరగా తిరిగి సిద్ధమవుతుంది.